ఆంటీ సేవ్ నొక్కారు

ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, కట్టుకున్నవాడికీ చెప్పలేదు. ఇంత చిన్న విషయం చెప్పకపోతే కొంపలేం మునుగుతాయి అని ఏళ్ల తరబడి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. చిన్న విషయమే అయితే, పక్కన ఎవరైనా "అయ్యో, మర్చిపోయాను" అన్నప్పుడల్లా నా చేతిలో పని ఎందుకు ఆగిపోతుంది? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ ఒక్క మాటకు ఇప్పటికీ ఉలిక్కిపడతాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెబుతున్నాను.

అప్పుడు నేను ఢిల్లీలో, మునిర్కాలో ఉండేదాన్ని. యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతూ, చెయ్యి చాస్తే ఎదురింటి బాల్కనీ అందే గదిలో. మా కింది అంతస్తులో దయామణి ఆంటీ, ఆవిడ కూతురు షారోన్ ఉండేవారు. ఆంటీది భీమవరం దగ్గర పల్లె. చిన్న వయసులోనే నర్సుగా ఢిల్లీ వచ్చి, ఒక పెద్ద ఆస్పత్రిలో ఐసీయూదాకా ఎదిగారు. షారోన్‌కు తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం హిందీలో వచ్చేది. ఆంటీ చేపల పులుసు పెట్టిన రోజు నాకొక గిన్నె పైకి వచ్చేది. ఆ మహానగరంలో నన్ను "తిన్నావా అమ్మడూ" అని అడిగే మనిషి ఆవిడ ఒక్కరే.

ఆదివారం మధ్యాహ్నాలు ఆంటీ వెళ్లే చర్చిలో హిందీవాళ్ల ప్రార్థన అయ్యాక అదే హాలులో తెలుగువాళ్ల ఆరాధన జరిగేది. నేను వాళ్ల మతం కాదు. అయినా పండగ పూట పలావు కోసం సిగ్గులేకుండా వెళ్లేదాన్ని. అక్కడ ప్రతి క్రిస్మస్‌కూ ఒక కొత్త పాట పాడేవారు. కట్టేది ఆంటీయే. ఎలా కడతారో మాత్రం నాకప్పుడు తెలియదు. మాటలు ముందు వస్తాయనుకున్నాను. ఆవిడకు ముందు రాగం వస్తుందట. డ్యూటీ దిగి బస్సులో వస్తూ, ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మాటల్లేకుండా ఊఁ ఊఁ అని కూనిరాగం తీసి దాచుకుంటారట. ఏడాదంతా అలా పోగయినవాటిలోంచి ఒకటి ఏరి, పండగ ముందు దానికి మాటలు తొడుగుతారట. ఇదంతా నాకు తెలిసేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

ఆంటీ ఫోన్ పాతబడింది. కంపెనీవాళ్లు దానికి అప్‌డేట్లు మానేశారు. ఊరినుంచి వీడియో కాల్ వస్తే, అది తెరుచుకునేలోపు అవతలివాళ్లు విసిగి పెట్టేసేవారు. "ఇది ఫోను కాదమ్మడూ, మా నాన్న ఎడ్లబండి. అదిలిస్తే గానీ కదల్దు" అని నవ్వేవారు.

నాకేమో ఆ రోజుల్లో ఒక పిచ్చి పట్టుకుంది. పాత ఫోన్లోంచి కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ తీసేసి, బయట ఔత్సాహికులు తయారుచేసి ఊరికే పంచే కొత్త ఆండ్రాయిడ్ ఎక్కించడం. వీడియోలు చూశాను. ఎవరెవరో పడ్డ తిప్పలన్నీ వెతికి చదివాను. చేయడం మాత్రం ఒక్కసారీ చేయలేదు. నా ఫోన్ కొత్తది. మధ్యలో ఏదైనా తేడా వస్తే ఇక లేవదని, ఇటుకలా పడి ఉంటుందని రాసేవారు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. నా ఫోన్ మీద చేయడానికి భయపడ్డాను. ఆవిడ ఫోన్ మీద చేయడానికి భయపడలేదు. "ఇవ్వండి ఆంటీ, కొత్త పెళ్లికూతుర్ని చేసిస్తా" అన్నాను. సాయం చేస్తున్నాననే అనుకున్నాను. నిజంగానా? చేతికి ఒక ఫోన్ దొరికిందన్న ఆత్రం లేదా అందులో? ఉంది. ఆత్రమే ఎక్కువ.

ఆవిడ అడిగింది ఒక్కటే. "లోపలున్నవేమీ పోవు కదమ్మా?" నేను "అబ్బే, అన్నీ తీసి దాచి, మళ్లీ పెట్టేస్తాను" అన్నాను. ఆవిడ ఇంకో మాట అడగకుండా ఫోన్ నా చేతిలో పెట్టి డ్యూటీకి వెళ్లిపోయారు.

అన్నీ తీసి దాచడం నిజంగానే మొదలుపెట్టాను. నంబర్లు, ఫోటోలు, మెసేజులు నా లాప్‌టాప్‌లోకి కాపీ చేశాను. కేబుల్ వదులుగా ఉండి మాటిమాటికీ ఊడిపోతోంది. లాప్‌టాప్‌లో చోటు అయిపోవస్తోంది. అప్పుడు రికార్డింగుల ఫోల్డర్ కనిపించింది. పెద్దది. లోపల ఒక్కదానికీ పేరు లేదు, అన్నీ వరస అంకెలే. రెండు తెరిచి విన్నాను. మొదటిదాంట్లో బస్సు హోరు, కండక్టర్ అరుపులు, వెనక ఎవరిదో మూలుగులాంటి చప్పుడు. రెండోదాంట్లో ఆ చప్పుడు కాస్త దగ్గరగా, కాస్త స్పష్టంగా, పైకి వెళ్లి, ఆగి, కిందికి వచ్చి. హ్యాండ్‌బ్యాగులో బటన్ నొక్కుకుపోయి వాటంతటవే రికార్డయినవి అనుకున్నాను. చెత్త అనుకుని, కాపీ చేయకుండా వదిలేశాను. ఒక ఫోన్ చేసి "ఆంటీ, ఇవి కావాలా?" అని అడిగితే నా సొమ్మేం పోయేది? అడగలేదు. డ్యూటీలో ఉన్న మనిషిని కదిలించడం ఎందుకని నాకు నేనే పెద్దరికంగా చెప్పుకున్నాను. అసలు సంగతి, నాకు ఆగే ఓపిక లేదు.

ఫోనుకు కంపెనీ వేసిన తాళం ఒకటుంటుంది, బూట్‌లోడర్ అంటారు. ముందు దాన్ని తీయాలి. అది తీస్తే లోపలున్నదంతా చెరిగిపోతుందని ఫోనే తెరమీద హెచ్చరిస్తుంది. ఒప్పుకుంటున్నావా అని అడుగుతుంది. చదివాను. ఒప్పుకున్నాను.

ఆ తర్వాత నేను పడ్డ హైరానా అంతా ఇంతా కాదు. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఫోన్ తెరమీద ఒక గుర్తు గిరగిరా తిరుగుతూనే ఉంది. ఎంతకీ తెరుచుకోదు. ఆవిడ వచ్చి అడిగితే ఏం చెప్పను, కొత్త ఫోన్ ఎక్కణ్నుంచి కొనివ్వను, తెలియని పనిలో నేనెందుకు వేలు పెట్టాను అని గదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. చివరికి తెర వెలిగి, భాష ఎంచుకోమని అడిగింది. ఆ క్షణం ఎగిరి గంతేశాను. నేను భయపడాల్సింది దేనికో నాకు తెలియనే లేదు.

ఆంటీ చూసి మురిసిపోయారు. ఫోటోలన్నీ ఉన్నాయి, వేలు తగలగానే అన్నీ తెరుచుకుంటున్నాయి. ఆరాధనలో అందరికీ చూపించారట, "మా పై ఇంటి పిల్ల చేసింది" అని. కొన్నాళ్లు నేను నేలమీద నడవలేదు.

తర్వాత ఒక సాయంత్రం పిలిచారు. టీ పెట్టి ఇచ్చి, ఫోన్ నా ముందు పెట్టారు.

"అమ్మడూ, నా రాగాలు కనబడ్డం లేదే. ఈ రికార్డరు కొత్తగా ఉంది. పాతవి ఎక్కడ పెట్టావ్?"

"రాగాలేంటి ఆంటీ?"

అప్పుడు చెప్పారు. బస్సు సంగతి, కూనిరాగాల సంగతి, పండగకు పాట కట్టే సంగతి. ఆవిడ చెబుతూంటే నా చేతిలో గ్లాసు బరువెక్కిపోయింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది. "ఆంటీ, తప్పయిపోయింది" అంటే తిట్టేవారేమో, ఏడ్చేవారేమో, ఒక ఏడాది పాట లేకుండా పోయేదేమో. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చింది నేనే. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"నేను చూసినప్పుడు అందులో ఏమీ లేవు ఆంటీ. మీరు సేవ్ నొక్కారా?"

"నొక్కకుండా ఎలా ఉంటానమ్మా?"

"ఒక్కోసారి నొక్కామనుకుంటాం. మర్చిపోయి ఉంటారు. డ్యూటీ చేసి అలసిపోయి వస్తారు కదా."

ఆవిడ ఫోన్ తీసుకుని రికార్డరు మళ్లీ తెరిచి చూశారు. "అన్నిసార్లూనా?" అన్నారు. తర్వాత, నాతో కాదు, తనలో తను అనుకుంటున్నట్టు, "మా అమ్మకీ ఇలాగే మొదలైంది. చివరికి నన్నే ఎవరమ్మా నువ్వు అనేది" అన్నారు.

నేను టీ తాగాను. గ్లాసు కడిగి పెట్టి మేడెక్కాను.

రాగాలు చెరపడం పొరపాటు. ఆ మాట నేను ఇప్పటికీ అంటాను. కానీ ఆ "మర్చిపోయి ఉంటారు" అన్నది పొరపాటు కాదు. అది తెలిసి చేసిన పని. నా తెలివితక్కువతనం బయటపడకుండా ఆవిడ బుర్రలో లోపం ఉందని నమ్మించాను. అంత మాట నాకెలా వచ్చింది? వెతుక్కోలేదు, తడుముకోలేదు. నాలుక చివర సిద్ధంగా ఉన్నట్టు వచ్చేసింది. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

ఆ తర్వాత ఆవిడ తలుపు తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కివచ్చి లాగి చూసుకోవడం మొదలైంది. కూరలో ఉప్పు వేశానా అని షారోన్‌ను అడిగేవారు. వేశారని షారోన్ చెబితే, మళ్లీ రుచి చూసేవారు. ఆ క్రిస్మస్‌కు పాత పాటలే పాడారు. సంఘ పెద్ద అడిగితే "ఈ ఏడు రాలేదండీ" అన్నారు. నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. ఆ రోజు పలావు తినకుండానే వచ్చేశాను.

మరికొన్నాళ్లకు షారోన్ మెట్లమీద కనిపించి చెప్పింది. "దీదీ, మమ్మా నే ఐసీయూ ఛోడ్ దియా." ఎవరూ వదిలేయమనలేదట. ఆంటీయే వెళ్లి, తనను ఓపీ కౌంటర్లో వేయమని రాసిచ్చారట. ఇంజెక్షన్ ఇచ్చానో లేదో అన్న అనుమానం వస్తోందని, ఎవరి ప్రాణమో తన మతిమరుపుకు బలి కాకూడదని. డాక్టర్లు పరీక్షలు చేసి ఏమీ లేదన్నారు. "ఇప్పుడే తెలీదులెండి, మా అమ్మకీ ఇలాగే అన్నారు" అని ఆవిడ నమ్మలేదు. ఐసీయూ అంటే ఆవిడకు ఎంత గర్వమో నాకు తెలుసు. షారోన్ కళ్లు తుడుచుకుంటూంటే, నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను. ఓదార్చాను!

చదువయింది, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఢిల్లీ శివార్లలోని ఇందిరాపురం వచ్చేశాను. దూరం జరిగితే మరపు వస్తుందనుకున్నాను. రాలేదు. పైగా ఒకరోజు వంటింట్లో పప్పు కడుగుతూ నేనేదో కూనిరాగం తీస్తున్నానని నాకే వినబడింది. పైకి వెళ్లి, ఆగి, కిందికి. ఎక్కడిదా అనుకున్నాను. గుర్తొచ్చింది. ఆ రోజు నేను తెరిచి విన్న రెండో రికార్డింగు. కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను.

పోయిన వారం షారోన్ ఫోన్ చేసింది. ఆంటీ ఇప్పుడు వాడుతున్న ఫోన్ కూడా నెమ్మదించిందట. బాగుచేయించమంటే నాకు తప్ప ఎవరి చేతికీ ఇవ్వనంటున్నారట. "ఆప్ పే హీ భరోసా హై దీదీ", మీమీదే నమ్మకం అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆదివారం వెళ్లాను. షారోన్ బజారుకు వెళ్లింది. ఆంటీ కింద కూర్చుని పచ్చి బఠాణీలు ఒలుస్తున్నారు. ఈసారి అన్ని ఫోల్డర్లూ చూశాను. రికార్డర్ ఖాళీగా ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క రాగం కూడా దాచుకోలేదు.

"ఆంటీ, అప్పుడు మీరు సేవ్ నొక్కారు" అన్నాను. "అన్నీ ఉన్నాయి. నా కళ్లతో చూశాను. చెత్త అనుకుని చెరిపేసింది నేను. మీరేమీ మర్చిపోలేదు."

ఆవిడ తలెత్తి, జాలిగా నవ్వారు. "ఊరుకో అమ్మడూ. నా అవస్థ చూడలేక చెబుతున్నావు."

ఇది నేను అనుకోలేదు. తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను, నమ్మరని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. నా అబద్ధం ఆవిడలో అంత లోతుకు దిగిపోయింది. ఇక నా దగ్గర ఉన్న రుజువు ఒక్కటే. శ్రుతి లేకపోయినా, ఆ కూనిరాగం తీశాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. తర్వాత నా వైపు చూడకుండా అన్నారు.

"రెండోచోట కిందికి దిగాలి. నువ్వు పైకి పోయావ్."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు. ఒలిచిన బఠాణీల గిన్నె పక్కకు జరిపి, నా చేతిలోంచి తన ఫోన్ తీసుకున్నారు.

"షారోన్ వచ్చేలోపు వెళ్లు" అన్నారు.

వెళ్లిపోయాను. ఆవిడ టీ ఇవ్వలేదు, తిన్నావా అని అడగలేదు. నేను క్షమించమనలేదు. ఆ మాట అనే మొహం నాకు లేదు. ఐసీయూలో ఆవిడ చోటు మళ్లీ రాదు, బస్సుల్లో తీసిన ఆ రాగాలూ రావు. నాకు మళ్లీ ఫోన్ చేస్తారో లేదో తెలియదు. రాత్రి పక్కమీద వాలితే గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. అయినా ఊపిరి మాత్రం కాస్త అడుగుదాకా అందుతోంది.

మర్చిపోయింది ఆంటీ కాదు. చెరిపింది నేను, అబద్ధమాడింది నేను. ఇదే చెప్పాలనుకున్నాను.