కొబ్బరినీళ్ళు తాగిన టెస్టింగ్ మిషన్

ఆ రోజుల్లో నా చేతికి ఏ పనిముట్టు ఇచ్చినా, లోకాన్ని కాపాడే బాధ్యత కూడా దాంతోపాటే ఇచ్చారనుకునేవాణ్ణి. డిప్లొమా పూర్తిచేసి, కాకినాడ నుంచి ఒక బ్యాగుతో దిగి, ప్రగతి నగర్‌లో ముగ్గురితో కలిసి ఒక గదిలో ఉంటూ, హైటెక్ సిటీలో ఓ ఐటీ ఆఫీసుకి కరెంటు పనులు చూసే కంపెనీలో ట్రైనీగా చేరిన కొత్త. (ట్రైనీ అని నేను ఎవరికీ చెప్పలేదు లెండి. బంధువులందరికీ సేఫ్టీ ఇంజనీర్ అనే చెప్పాను. మా అమ్మ దాన్ని ఇంకో మెట్టు ఎక్కించి, "ఆ బిల్డింగంతా మావాడి చేతిమీదే నడుస్తుంది" అనేది.)

పని చెప్పుకోవడానికి చిన్నదే. కెటిల్, టేబుల్ ఫ్యాను, చార్జరు, ఇలా ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువునీ ఒక పెట్టెలాంటి మిషన్‌కి తగిలించి, కరెంటు ఎక్కడైనా లీకవుతోందేమో చూడాలి. బాగుంటే ఆకుపచ్చ స్టిక్కరు, బాగాలేకపోతే ఎర్ర స్టిక్కరు. ఎర్రదైతే ఇంకో పని కూడా ఉంది. మా సీనియర్, నేను అన్నా అని పిలిచేవాణ్ణి, సిద్దిపేట మనిషి, మొదటిరోజే చెప్పాడు: "ఫెయిలైందాన్ని గట్లనే ఇడిస్తే రేపు ఇంకోడొచ్చి పెట్టుకుంటడు. అందుకే ప్లగ్గు కోసెయ్యాలె. ఎవ్వలేమన్నా ఫికర్ జెయ్యకు." ఆ ఒక్కమాట నా తలకెక్కింది. కటింగ్ ప్లేయర్ కొత్తది కొనుక్కుని బెల్టుకి తగిలించుకున్నాను.

దసరా సెలవులకి ముందురోజు ఆఫీసులో ఆయుధ పూజ. ల్యాప్‌టాపులకి బొట్లు, ప్రింటర్లకి బంతిపూల దండలు, లిఫ్టుకి నిమ్మకాయలు. మరి నా ఆయుధం? అప్పుడే వచ్చిన కొత్త టెస్టింగ్ మిషన్. పసుపు తడిపి నాలుగు మూలలా పూశాను. బొటనవేలితో కుంకుమ అద్దాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? దాని ముందే కొబ్బరికాయ కొట్టాను. నీళ్ళు చిమ్మి మిషన్‌కున్న సాకెట్ మీద పడ్డాయి. "అభిషేకం కూడా అయిపోయింది" అని మురిసిపోయి, కళ్ళకద్దుకుని, ఆ చేత్తోనే పని మొదలెట్టాను.

మొట్టమొదటి కెటిల్ ఫెయిల్. ప్లగ్గు కోశాను. రెండోది ఫెయిల్. కోశాను. టేబుల్ ఫ్యాను, టోస్టరు, రిసెప్షన్ అమ్మాయి దాచుకున్న హెయిర్ డ్రైయరు, అన్నీ ఫెయిలే. కాఫీ మిషన్ కూడా ఫెయిలయ్యేసరికి నాకు ఒళ్ళు జలదరించింది. ఇన్నాళ్ళూ వీళ్ళంతా ఎలా బతికి ఉన్నారా అని! కోసిన ప్లగ్గులు వెయ్యడానికి ఏమీ దొరక్క పూజపళ్ళెంలోనే, అక్షింతల పక్కన వేసుకుంటూ పోయాను. భోజనాల వేళకి మైక్రోవేవ్ ప్లగ్గు కూడా అందులో చేరింది. చల్లారిన డబ్బాలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు నావైపు చూస్తుంటే, ప్రాణాలు కాపాడినందుకు కృతజ్ఞత అనుకున్నాను.

అప్పుడొచ్చింది ఆ అక్క. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకి లీడు. నల్లగండ్లలో ఇల్లు. ప్రసవమై సెలవు పూర్తిచేసుకుని ఆ వారమే మళ్ళీ చేరింది. ఎవరూ అడక్కుండానే సంచిలోంచి చిన్న మిషన్ తీసి, "జర ఇది గూడ చూడు తమ్మీ, సేఫ్టీ మంచిదే గద" అంది.

నేను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. గరాటులాంటిదేదో ఉంది. హాలంతా వినబడేలా అడిగాను: "ఏంటండీ ఇది? జలుబు చేస్తే ఆవిరి పట్టుకునేదా?"

చుట్టూ కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. అక్క మాత్రం తొణక్కుండా, "ఇంట్ల పాపకోసం నా పాలు పిండి తీసే మిషన్ తమ్మీ" అంది.

భూమి చీలి లోపలికి తీసుకుపోతే బాగుండుననిపించింది. చెవులు కాలిపోతున్నాయి. ఆ సంభాషణ ఎంత తొందరగా ముగిస్తే అంత మేలని గబగబా మిషన్‌కి తగిలించాను. ఫెయిల్. తలెత్తకుండానే కసుక్కున కోసేశాను.

"అయ్యో! అప్పుడే కోసినవా? నేను ఇప్పుడు పెట్టుకోవాలె కదా!"

ఆమె గొంతులో కోపం లేదు. కంగారు ఉంది. ఒక నిమిషం నా పళ్ళెంకేసి చూసి, "పొద్దుగాల సంది పాసైంది ఒక్కటన్న ఉన్నదా?" అని అడిగింది.

"ఒక్కటీ లేదండి. అన్నీ ఫెయిలే" అన్నాను, కొంచెం గర్వంగానే. (ఇప్పటికీ ఆ గర్వం గుర్తొస్తే దుప్పటి ముసుగేసుకోవాలనిపిస్తుంది.)

"అన్నీ ఫెయిలైతే వస్తువులల్ల తప్పుండదు తమ్మీ, టెస్టులనే ఉంటది. మా దగ్గర గిట్లనే అయితది. ఇగ ఏం తగిలియ్యకుండ ఖాళీ మిషన్ నడిపియ్యి."

నడిపించాను. ఏమీ లేకుండానే ఫెయిల్ అని ఎర్రలైటు వెలిగింది. సాకెట్ లోపలికి తొంగిచూస్తే కుంకుమ, కొబ్బరినీళ్ళు కలిసి బురదగా ఉన్నాయి. ఆరబెడదామంటే హెయిర్ డ్రైయర్ కావాలి. దాని ప్లగ్గు పళ్ళెంలో ఉంది.

అన్న వచ్చాడు. పళ్ళెం చూశాడు. "దేవుడా" అని నెత్తి పట్టుకున్నాడు. స్టోర్‌లో కొత్త ప్లగ్గు ఒక్కటీ లేదు. మియాపూర్ పోయి తెచ్చేసరికి, ఆ పండగ ట్రాఫిక్‌లో, పొద్దు వాలింది. అక్కకేమో సెలవులకి ముందు పూర్తిచేయాల్సిన పని ఉంది, కదలడానికి లేదు. చున్నీ నిండా కప్పుకుని, మోచేతులు దగ్గరగా పెట్టుకుని కూర్చుంది. నేను అటు వెళ్ళినప్పుడల్లా నవ్వింది. "పరేషాన్ గాకు తమ్మీ, అయితది" అంది. సాకెట్ తుడిచి ఆరబెట్టి, అన్నిటికంటే ముందు ఆమెదే బాగుచేశాను. "ముందు ఖాళీగ పెట్టి చూపియ్యి" అని, పచ్చలైటు చూశాకే తీసుకుంది. ఆ రోజు నుంచి ఆఫీసులో నా పేరు కటింగ్ ప్లేయర్. మా గదిలోవాళ్ళకి ఎలా తెలిసిందో గానీ వాళ్ళూ అలాగే పిలిచారు.

ఇన్నాళ్ళూ ఈ కథ పార్టీల్లో నేనే చెప్పి నవ్వించేవాణ్ణి. మొన్నీమధ్య మా ఆవిడ పాపని మా అత్తగారికి అప్పగించి ఉద్యోగంలో చేరింది. ఒకరోజు వాళ్ళ ఆఫీసులో మీటింగు మీద మీటింగు పడి పాలు తీసుకోవడానికి కుదరలేదట. ఇంటికొచ్చేసరికి ఒళ్ళు కాలిపోతోంది. పాలు రాయిలా గడ్డకట్టాయని, చెయ్యి ఎత్తలేకపోతున్నానని ఏడ్చింది. నేను వేడినీళ్ళలో గుడ్డ ముంచి పిండుతూ అలాగే ఉండిపోయాను. చున్నీ, దగ్గరగా పెట్టుకున్న మోచేతులు, ఆ నవ్వు, అన్నీ కళ్ళముందుకొచ్చాయి. నేను కోసింది ఒట్టి ప్లగ్గే అనుకున్నానే ఇన్నాళ్ళూ! అంత సిగ్గు ఆ రోజు కూడా పడలేదు.

మర్నాడు ఆగలేక అక్కకి ఫోన్ చేశాను. "అక్కా, ఆ దసరా ముందురోజు మీకు చాలా నొప్పేసిందా అండి?"

అక్క గట్టిగా నవ్వింది. "ఇన్నేండ్లకు అడుగుతున్నవా! మస్తు నొచ్చింది తమ్మీ. ఇంటికి పోయి ఏడ్చిన గూడ. నువ్వు మొహం గింత జేసుకొని తిరుగుతుంటె నీకేం చెప్తా అని నవ్విన." నేనెందుకు అడిగానో పట్టేసి, "మీ ఆమె మంచిగున్నదా? మిషన్ కొన్నరా?" అని అడిగింది.

"కొన్నామండి."

"అయితే దాని దగ్గరికి నువ్వు పోకు."

పోలేదు. ఆ సాయంత్రం మా ఆవిడ, "ఏవండీ, ఈ ప్లగ్గు కాస్త వదులుగా ఉంది, చూడరా?" అంటే, సేఫ్టీ ఇంజనీర్‌ని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, కిందికెళ్ళి ఎలక్ట్రీషియన్‌ని పిలుచుకొచ్చాను.