సగంలో ఆగిన మాట

అరవై తొమ్మిదిలో పాత వ్యానులో రెండు మంచాలు, ఒక స్టవ్వు, నీళ్ల డ్రమ్ము బిగించుకుని నల్లమల అడవి, విశాఖపట్నం, అరకు కొండలు తిరిగాను. తిరుగు దారిలో హయత్‌నగర్ దగ్గర ఒక పెద్దావిడ చెయ్యెత్తింది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం వల్ల బస్సులు లేవు. ఎక్కించుకున్నాను.

ఆమె మంచం మీద కూర్చుని నవ్వింది. "గిదేంది కొడుకా, నీ ఇల్లు ఒక్కతాన నిలుస్తలేదా?"

"మాది గుంటూరు జిల్లా అండీ. ఇక్కడ ఉద్యోగం" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

కొత్తపేట దాటాక కర్రలు పట్టుకున్న కుర్రాళ్లు వ్యాను ఆపారు. ఆంధ్రావాళ్లను మాటను బట్టి పోల్చుకుని దింపేస్తున్నారు. పక్కనే ఒక కారు తగలబడుతోంది. ఒకడు నా వంటసామాను బుట్టను కర్రతో పొడిచి, "ఇవేంది? చెప్పు" అన్నాడు.

"ఉల్లి" అన్నానో లేదో, నా చెంప ఛెళ్లుమంది. కొట్టింది ఆమె.

"గడ్డలు! కండ్లు కనిపిస్తలేవా?" అని వాడి మీద అరిచింది. "నా అల్లుడు. పన్ను నొస్తున్నదని దవాఖానకు తోల్కపోతున్న." మళ్లీ నా వైపు తిరిగింది. "నువ్వు నోరు ముయ్యి. మాట్లాడితే వాపెక్కుతది!"

కర్ర పక్కకు జరిగింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె వ్యాను ఆపమని దిగింది.

"నేను గూడ గాళ్ల దిక్కే, కొడుకా. మా పిలగానికి కొలువు రావాలె. గని నిన్ను కొడితే వస్తదా?" అంది. తాను కొట్టిన చెంపను ఒకసారి నిమిరి వెళ్లిపోయింది.

ఇప్పటికీ కూరగాయల బండి దగ్గర "ఉల్లి" అన్నాక నా నోరు ఒక క్షణం ఆగుతుంది.