సాలమ్మ గుమ్మం ముందు కుండ

యుద్ధమప్పుడు రంగూన్ నుంచి నడిచి వచ్చేసిన సాలమ్మ, పుంగనూరులో మా వీధి చివర ఉంటుంది. భాష రాని దేశంలో, చేతిలో కాసు లేకుండా వారాల తరబడి నడిచింది. అక్కడ బాటసారుల కోసం ఇళ్ల ముందు నీళ్ల కుండలు పెడతారట. ఆ నీళ్లే తనను బతికించాయంటుంది. అందుకే తన గుమ్మం ముందు కూడా ఒక కుండ, కొబ్బరి చిప్ప పెట్టింది. ఆమె కులం తెలిసినవాళ్లు తాగరు, తెలియనివాళ్లు అడుగుతారు. సాయంత్రం ఆ నీళ్లన్నీ కరివేపాకు చెట్టుకు పోస్తుంది.

ఈ రోజు నేను బడి నుంచి వస్తుంటే ఒక బండి మనిషి అక్కడ ఆగాడు.

"ఎవురి నీళ్లమ్మా ఇవి?"

"బాయి నీళ్లప్పా. దప్పికైతే తాగు. బర్మాలో నన్నెవురూ అట్ల అడగలేదు."

"ఇది బర్మా కాదు గదమ్మా" అని నవ్వి, ఎద్దుల్ని అదిలించాడు.

నేను పుస్తకాలు అరుగు మీద పెట్టి, ఒక చిప్పెడు ముంచుకుని తాగాను. నిజానికి నాకు దాహం లేదు.

సాలమ్మ, "ఇంకొక చిప్ప తాగమ్మా" అంది. తాగాను.

ఈ సాయంత్రం కరివేపాకు చెట్టుకు రెండు చిప్పలు తక్కువయ్యాయి. మీరెవరైనా ఇటు వస్తే, ఒక చిప్ప తాగి ఆ చెట్టును ఇంకాస్త ఎండనివ్వండి.