బెల్లం చక్కెర కాదనుకున్నాం

మా పెద్ద తోటికోడలు పోయారని ఏలూరు ఆసుపత్రి నుంచి తంతి వచ్చేసరికి, నేను భీమడోలు చర్చిలో ఆవిడ హార్మోనియం ముందు కూర్చుని ఉన్నాను. ఏడేళ్ళు నేను కోరుకున్న చోటు అది.

ఆవిడంటే నాకు అసూయ. పోయారు కదా అని ఇప్పుడు దానికి ప్రేమ అని పేరు పెట్టను. ఆవిడ తిత్తి ఆడిస్తూ మొదటి స్వరం అందుకుంటే వెనక చాపల మీద కునికే ముసలివాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. మా అత్తగారు నా ఎదుటే, "దాని చెయ్యే వేరమ్మా" అనేవారు.

ఆవిడది నిండైన విగ్రహం. మధుమేహం ఉందంటే ఎవరూ నమ్మేవారు కాదు. అలాంటి మనిషి ఒకనాడు గడప తట్టుకుని, చెయ్యి ఆనించి కూలబడ్డారు. అంతమాత్రానికే కుడి మణికట్టు విరిగింది.

ఏలూరు డాక్టరమ్మ కట్టు కట్టి, "ఒళ్ళు చూసి ఎముక గట్టిదనుకోకండి. ఈ జబ్బున్నవాళ్ళకి చిన్న దెబ్బకే విరగొచ్చు. అతకడానికీ ఎక్కువ రోజులు పడుతుందండి. చక్కెర పూర్తిగా మానాలి" అని చెప్పింది.

మానిపించాం. కాఫీలో కూడా వెయ్యలేదు. కానీ ఎముక విరిగినవాళ్ళకి మా ఇంట్లో నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెడతారు. బెల్లం చక్కెర కాదు కదా అనుకున్నాం. దంచింది నేనే. మధ్యలో నాకొకసారి అనుమానం వచ్చింది. రైలెక్కితే ఏలూరు ఎంతసేపు? వెళ్ళి అడగలేదు. ఆ రోజుల్లో హార్మోనియం నా చేతిలో ఉంది.

మూడో నెలలో కట్టు విప్పితే చెయ్యి వంకర తిరిగి ఉంది. వేళ్ళు సగమే ముడుచుకున్నాయి. చిమ్మిలి సంగతి విని డాక్టరమ్మ తల పట్టుకుంది. "ఈ జబ్బుకి బెల్లమైనా చక్కెరైనా ఒకటేనండీ!"

ఇంటికొచ్చాక ఆవిడ దగ్గర ఒప్పుకున్నాను. "నాకు అనుమానం వచ్చింది అక్కయ్యా. కావాలనే అడగలేదు."

"నాకూ వచ్చింది చెల్లీ. నువ్వు చేసిన చిమ్మిలి బాగుందని ఊరుకున్నాను" అన్నారు.

నిజమో, నా కోసం కల్పించారో తెలియదు. ఇంత మంచితనం ఈవిడకే ఎందుకిచ్చావు దేవుడా అని అప్పుడు కూడా కుళ్ళుకున్నాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం నా పక్కనే కూర్చుని, "తొందరపడకు, జనాన్ని ఊపిరి తీసుకోనీ" అంటూ నేర్పారు. ఈ వానల్లో జారిపడితే తుంటి విరిగింది. ఇక లేవలేదు.

సమాధి దగ్గర పాట నేనే వాయించాను. అయ్యాక ఒక ముసలావిడ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "అచ్చం ఆవిడ వాయించినట్టే ఉందమ్మా" అంది. ఇన్నాళ్ళకి దొరికిన మెప్పు, అదీ ఆవిడదే. ఆ ముసలావిడ వదిలేసిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, మట్టి పోయడం అయ్యేదాకా అలాగే చాపుకుని నిలబడ్డాను.