కప్పు ఖాళీ అయ్యేదాకా

మీకు గిట్టని మనిషి కుర్చీలో కూర్చొని, అతని పక్షాన, ఒక కప్పు కాఫీ తాగినంత సేపు మీరెప్పుడైనా మాట్లాడారా? వెటకారం చేయకుండా, అతనే విని "అవును, నేను చెప్పాలనుకున్నది ఇదే" అని తల ఊపేలా మాట్లాడారా? మాట్లాడి ఉండరు. గీదంలో బస్సు మారాల్సిన అవసరం లేకపోయి ఉంటే నేనూ ఈ జన్మలో ఆ పని చేసి ఉండేవాణ్ణి కాదు.

చాలా కాలం తర్వాత మొన్న మళ్ళీ, తెలంగాణ సరిహద్దుకు అవతల అడవి జిల్లాలో ఉన్న గీదం బస్టాండులో దిగాను. ఎండకు కాగిన తారు, లారీల పొగ, సంతకు దింపిన చింతపండు బస్తాల పులుపు. వాటన్నిటినీ పక్కకు నెట్టుకుంటూ ఒక వాసన వచ్చింది. ఇనప మూకుడులో కాఫీ గింజలు వేగుతున్న వాసన. దర్భా కొండల మీద పండిన గింజలు. ఆ వాసన వెంట పక్కసందులోకి నడిస్తే అదే రేకుల కప్పు, అదే పొడవాటి గది. సగం గదిలో పొయ్యి, బల్లలు. మిగతా సగంలో గోడ పొడుగునా పుస్తకాలు. రెంటికీ మధ్య, కిటికీ పక్కన, ఎదురెదురుగా రెండు కుర్చీలు. చేతులు అరిగిపోయిన ఆ కుర్చీలను చూడగానే నా ఛాతీ కాస్త ఉబ్బింది. నేను చదివిన కాలేజీల గురించి ఎవరైనా అడిగితే పేరు చెప్పి ఊరుకుంటాను. ఈ కుర్చీల గురించి మాత్రం అడగకపోయినా చెబుతాను.

వాటిని అక్కడ వేసింది అప్పలనర్సమ్మ గారు. విజయనగరం వైపు నుంచి భర్త ఉద్యోగం కోసం ఇనుప గనుల టౌన్‌షిప్‌కు వచ్చి, అక్కడి బడిలో తెలుగు పాఠాలు చెప్పి, పదవీ విరమణ చేశాక అందరిలా సొంతూరికి వెళ్ళకుండా గీదంలో ఈ గది అద్దెకు తీసుకున్న మనిషి. టీ తప్ప మరొకటి ఎరగని బస్టాండులో ఫిల్టర్ కాఫీ, జనం ఎన్నికలప్పుడు తప్ప రాజకీయం మాట్లాడటానికి జంకే చోట రాజకీయ పుస్తకాలు. ఈ రెండూ ఒకే కప్పు కింద నడవవని అందరూ అన్నారు. ఆమె హిందీలో, తెలుగులో బోర్డు రాయించి తలుపు తీశారు. ఊరు దానికి 'కితాబ్ కాఫీ' అని పేరు పెట్టుకుంది. రాజ్యాంగం, అడవి హక్కుల చట్టం, కుల నిర్మూలన మీద ప్రసంగాలు, గనులు కావాలని రాసినవి, వద్దని రాసినవి, దేవుడు ఉన్నాడన్నవి, లేడన్నవి, అన్నీ పక్కపక్కనే ఉండేవి. అక్కడి ఆదివాసీలు మాట్లాడే గోండీలో, హల్బీలో అచ్చయిన సన్నటి పుస్తకాలు మాత్రం అందరికీ కనిపించేలా ముందు వరుసలో పెట్టేవారు.

ఇక్కడ పుస్తకాల షాపు తెరిస్తే అన్ని వైపుల నుంచీ అనుమానపు చూపులు పడతాయి. ఒకసారి మామూలు బట్టల్లో వచ్చిన ఒక మనిషి అరలన్నీ నెమ్మదిగా చూసి, ఇవి ఏ పార్టీ పుస్తకాలని అడిగాడట. "అన్ని పార్టీలవీ ఉన్నాయి బాబూ, ఏ పార్టీవాడూ కొనడు, అదే నా బాధ" అని ఆమె హిందీలో జవాబు చెప్పారట. అతను కాఫీ తాగి, రాజ్యాంగం పుస్తకం చదివి తెచ్చిస్తానని పట్టుకెళ్ళి, మళ్ళీ రాలేదు. ఆ పుస్తకం పోయిందని ఆమె ఏనాడూ బాధపడలేదు. ఎవరి ఇంట్లోనో అది ఉందని మురిసిపోయేవారు.

నేను టౌన్‌షిప్‌లో పుట్టి పెరిగి, జగదల్‌పూర్‌లో కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ఇంటికి వెళ్ళే దారిలో గీదంలో బస్సు మారాలి. మా నాన్న హేతువాద సభలకు నన్ను భుజం మీద ఎక్కించుకొని తీసుకెళ్ళిన మనిషి కాబట్టి వాదన నాకు అన్నంతో పాటు వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆ కాఫీ షాపులో, బస్సు కోసం కూర్చున్న ఒక జ్యోతిష్కుడితో ముహూర్తాల మీద తగువు పెట్టుకున్నాను. గ్రహాలు, దూరాలు, లెక్కలు చెప్పి ఆయన్ను నోరెత్తనివ్వలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అప్పలనర్సమ్మ గారు కాఫీ వడపోస్తూ అంతా విన్నారు.

"బాగా మాటాడేవు బాబూ. ఇప్పుడు లేచి ఆయన కుర్చీలో కూకో" అన్నారు.

అప్పుడు తెలిసింది ఆ కుర్చీల నియమం. వాదించుకున్న ఇద్దరూ చోట్లు మార్చుకోవాలి. ఒకరు ఎదుటివారి పక్షాన మాట్లాడాలి. వింటున్న మనిషి తన కప్పు ఖాళీ చేసేదాకా మాట ఆపకూడదు. ఆ తర్వాత రెండోవారి వంతు. నేను జ్యోతిష్కుడి కుర్చీలో కూర్చొని, "నేను మోసగాణ్ణి, అమాయకుల భయం మీద బతుకుతాను" అని మొదలుపెట్టాను.

"ఆగు. అది ఆయన మాటేటి? ఆయన గురించి నీ మాట" అన్నారామె.

మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ మోసం దగ్గరికే వచ్చాను. జ్యోతిష్కుడు జాలిపడి, వేడి కాఫీ గబగబా తాగేసి నన్ను విడిపించాడు. తర్వాత నా కుర్చీలో కూర్చొని, గ్రహాలు, దూరాలు, లెక్కలు నాకంటే చక్కగా, నవ్వు తెప్పించేలా చెప్పాడు. ఇలాంటి కుర్రాళ్ళ మాటలు ఎంతో కాలంగా వింటున్నానని, కంఠతా వచ్చేశాయని అన్నాడు. గది గదంతా పగలబడి నవ్వింది. ఆమె నవ్వలేదు. "ఆయనకి నీ వాదన వచ్చు. నీకు ఆయన వాదన రాదు. మరి నువ్వు గెలిచీసేవని ఎలా అనుకున్నావు?" అని అడిగి, నా కప్పులో ఇంకాస్త కాఫీ పోశారు.

ఆ ప్రశ్న బస్సులో ఇంటిదాకా నాతో వచ్చింది. తర్వాతి సెలవుల్లో అదే జ్యోతిష్కుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళి, జనం మీ దగ్గరికి ఎందుకొస్తారని నిజంగా తెలుసుకోవడానికే అడిగాను. ఒక కూతురి పెళ్ళి పెటాకులైన తండ్రి, రెండో కూతురి పెళ్ళికి ముహూర్తం పెట్టించుకోవడానికి వస్తాడని, మళ్ళీ ఏదైనా జరిగితే ఆ బరువు మోయడానికి తనతో పాటు ఇంకొకడు ఉండాలని కోరుకుంటాడని ఆయన చెప్పాడు. ముహూర్తాల మీద నేను రాసిన వ్యాసాల్లో నిలబడింది ఏదైనా ఉంటే, ఆ తండ్రితో నేరుగా మాట్లాడిన వ్యాసమే. నా రాతలో కోపం మొదటి నుంచీ ఉంది. పదును ఆ కుర్చీ పెట్టింది.

కొన్నేళ్ళకు నాకు జగదల్‌పూర్‌లోనే ఉద్యోగం దొరికింది. వీలు దొరికినప్పుడల్లా గీదం వెళ్ళేవాణ్ణి. అలా ఒకసారి వెళితే పొయ్యి దగ్గర కొత్త మనిషి ఉంది. పేరు ముత్తమ్మ. తెలంగాణ సరిహద్దు వైపు ఊరు, పేరు చెప్పను. భర్త లేడు. భర్త అన్న పోతయ్య ఇంట్లో పెద్ద మనవడు జ్వరంతో చనిపోతే, ఊళ్ళో పూజలు చేసే వడ్డె బియ్యపు గింజలు చల్లి, ముత్తమ్మ చేతబడి చేసిందని చెప్పాడు. కొట్టి తరిమేశారు. చేతి మీద మానని గాయంతో బస్టాండులో కూర్చున్న ఆమెను అప్పలనర్సమ్మ గారు తీసుకొచ్చి, స్టేషన్‌కు వెంటబెట్టుకెళ్ళి, ఫిర్యాదు రాయించేదాకా పక్కన నిలబడ్డారు. తర్వాత కాఫీ కలపడం నేర్పి పొయ్యి ఆమెకు అప్పగించారు.

'టోన్హీ' అన్న మాట అక్కడ జీపు కంటే వేగంగా ప్రయాణిస్తుంది. మంత్రగత్తె అని అర్థం. కొద్దిరోజుల్లోనే బస్టాండు మొత్తానికి తెలిసిపోయింది. దీదీ, మాకు మీ చేతి కాఫీ ఇవ్వండని కొందరు అప్పలనర్సమ్మ గారిని మర్యాదగా అడిగారు. కొందరు రావడమే మానేశారు. అప్పలనర్సమ్మ గారు గిన్నె ముట్టుకోలేదు. "కాఫీ ముత్తమ్మే కలుపుద్ది. తాగితే తాగండి, లేపోతే పుస్తకం చదూకోండి" అనేవారు. బల్లలు ఖాళీ అయ్యాయి. గది యజమాని కబురు మీద కబురు పంపసాగాడు. తన వల్ల షాపు మూతపడుతుందని, మిర్చి కోతలకు సరిహద్దు దాటి పోతానని ముత్తమ్మ మూట కట్టుకుంది. పోవాలనిపిస్తే పొమ్మని, తరిమితే మాత్రం పోవద్దని టీచరమ్మ చెప్పారు. ముత్తమ్మ మూట విప్పలేదు, తలుపూ దాటలేదు. ఆ మూట పుస్తకాల అర కింద అలాగే ఉండిపోయింది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పోతయ్య వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. తువ్వాలు చేతుల్లో పిండుతూ, గడప ఇవతలికి రాకుండానే, ముత్తమ్మను చూసి అన్నాడు.

"చిన్నోనికి గూడ జరమొచ్చింది. నువ్వు చేసింది నువ్వే తియ్యి. కాళ్ళు మొక్కుత."

నేను లేచి నిలబడ్డాను. చట్టం పేరు, సెక్షను, జైలు, అన్నీ ఒక్క ఊపులో చెప్పాను. అతను నా వైపు చూడలేదు. అప్పలనర్సమ్మ గారు అతన్ని లోపలికి పిలిచి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ముత్తమ్మ చేతులు తుడుచుకొని, రెండు కప్పుల కాఫీ కలిపి తెచ్చి రెండు కుర్చీల మధ్య బల్ల మీద పెట్టింది.

"బావా, లేచి ఈ కుర్చీల కూసో. నీ మాట నేను చెప్త. నీ కప్పు అయిందాక చెప్త" అంది.

దెబ్బలు తిన్న మనిషి కొట్టినవాడి పక్షాన మాట్లాడటమేమిటని నేను అడ్డుపడబోయాను. అప్పలనర్సమ్మ గారు నా చెయ్యి పట్టుకొని కూర్చోబెట్టారు. పోతయ్య కుర్చీ మారాడు. కప్పు మాత్రం ముట్టుకోలేదు. ఆ చేతి కాఫీ ఎలా తాగుతాడు? ముత్తమ్మ మొదలుపెట్టింది.

"నేను పోతయ్యను. నా పెద్ద మనవడు నా పక్కలనే పండేటోడు. వానికి జరమొస్తే దవాఖానకు పోదామన్నది కోడలు. నాట్లు పడినంక పోదాం తియ్యని నేనే అన్న."

పోతయ్య తల ఎత్తాడు. కప్పు నిండుగానే ఉంది. నియమం ప్రకారం ఆమె ఆపకూడదు, ఆపలేదు.

"పిలగాడు పోయిండు. నేనన్న మాట కోడలు యాది చేసుకుంటే నా మొకం చూస్తదా? పండుకుంటే అదే, తింటే అదే. వడ్డె ముత్తమ్మ పేరు చెప్పిండు. పానం తేలికయింది నాకు. ఇగ నా తప్పు లేదు. ఇప్పుడు చిన్నోడు మూలుగుతున్నడు. కోడలు మల్ల దవాఖాన అంటున్నది. తీసుకపోతే వాడు బతుకుతడేమో. బతికితే, పెద్దోడు..."

పోతయ్య కప్పు అందుకున్నాడు. పొగలు కక్కుతున్న కాఫీని, ఆమె మాట ఆపడానికి, రెండు చేతులతో పట్టుకొని గటగటా తాగేశాడు. ఖాళీ కప్పు బల్ల మీద బోర్లించాడు. ముత్తమ్మ నోరు మూసుకుంది. ఆ గదిలో అన్ని పక్షాల పుస్తకాలూ ఉన్నాయి గానీ, ఆమె చెప్పిన పక్షం ఏ అరలోనూ లేదు.

ఇప్పుడు అతని వంతు. ముత్తమ్మ తన కప్పు తీసుకొని చిన్న గుక్క వేసి ఎదురుచూసింది. "నేను ముత్తమ్మను" అన్నాడు పోతయ్య. తువ్వాలుతో మొహం తుడుచుకొని, "నేనేం చెయ్యలే. వాడు నాక్కూడ మనవడే" అన్నాడు. ఆ రెండు మాటలే మళ్ళీ చెప్పాడు. ముత్తమ్మ మిగిలిన కాఫీ ఒక్క గుక్కలో తాగేసింది.

ఈలోగా అప్పలనర్సమ్మ గారు జీపు మాట్లాడించారు. "నీ నోరు చాలు బాబూ, ఇప్పుడు నీ కాళ్ళు కావాలి" అని నన్ను పోతయ్యతో పంపారు. ఆవపల్లి దాటి జీపు పోయే దారి అయిపోయాక నడిచాం. పిల్లవాణ్ణి మోసుకొచ్చి, దారిలోని పెద్దాసుపత్రిలో చేర్చాం. రక్తం పరీక్షలో మలేరియా అని తేలింది. మందులతో జ్వరం దిగింది. బతికాడు. వెళ్ళేటప్పుడు జీపులో పోతయ్య ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "గా నీళ్ళల్ల ఏం కలిపిండ్రు సారూ? గంత చేదున్నది?" ఏమీ కలపలేదని, చక్కెర వెయ్యడం ఆమె మరచిపోయిందని చెప్పాను.

ఇక్కడితో ఆపితే ఇది క్షమ గురించిన కథ అవుతుంది. నేను ఆపను. పిల్లవాడు కోలుకున్నాక పోతయ్య వచ్చి కేసు వాపసు తీసుకోమని ముత్తమ్మను అడిగాడు. "పిలగాడు బతికిండు, సంతోషం. నన్ను కొట్టింది గూడ నిజమే గద బావా" అంది ఆమె. వాపసు తీసుకోలేదు. ఆ జవాబు విని అప్పలనర్సమ్మ గారి ముఖం వెలిగిన తీరు నేను చూశాను. ఎదుటివాడి దుఃఖాన్ని అతనికంటే బాగా చెప్పగలగాలి, అలాగని మన న్యాయాన్ని ఇసుమంత కూడా వదులుకోకూడదు. హేతువాదం మీద నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క ఉదయానికి వ్యాఖ్యానాలే.

పోతయ్య కాఫీ తాగాడన్న వార్త కూడా జీపు కంటే వేగంగానే పోయింది. బల్లలు నెమ్మదిగా నిండాయి. ఇప్పటికీ ఆ చేతి కాఫీ ముట్టనివాళ్ళు గీదంలో ఉన్నారు. వాళ్ళు పుస్తకాలు చదువుకుంటారు.

అప్పలనర్సమ్మ గారు కిందటేడు పోయారు. తన ఫోటో గోడకు పెట్టవద్దని, దండ అసలే వద్దని చెప్పి మరీ పోయారు. మొన్న వెళ్ళినప్పుడు షాపు ముత్తమ్మదే. పుస్తకాల అర కింద మూట లేదు. కిటికీ దగ్గర గని కావాలనే ఒక కాంట్రాక్టరూ వద్దనే ఒక రైతూ కుర్చీలు మార్చుకొని చెమటలు కక్కుతున్నారు. కాంట్రాక్టరు దారి తప్పగానే, పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూడకుండానే ముత్తమ్మ అంది: "ఏంది సేటూ, మల్ల నీదే చెప్తున్నవ్. ఆయనది చెప్పు." ఆ గొంతులో మా టీచరమ్మ వినిపించారు. ఆమె శిష్యుణ్ణని చెప్పుకోవడం కంటే పెద్ద బిరుదు నాకు అక్కర్లేదు. ఈనాటికీ ఏ వ్యాసం మొదలుపెట్టినా ముందు కాఫీ పెట్టుకుంటాను. ఆ కప్పు అయ్యేదాకా నేను ఓడించదలచిన మనిషి మాటే రాస్తాను.

ఇక మీ సంగతి. ఎవరి చేతి నీళ్ళు తాగకూడదని మీ వీధి మీ చెవిలో చెబుతోందో మీకు తెలుసు. మంత్రగత్తె అనో, మైల అనో, అపశకునమనో పేరు పెట్టి పక్కకు నెట్టిన గడప ఒకటి మీ ఊళ్ళోనూ ఉంది. ఇది చదివి బాగుందని ఊరుకోకండి. దీన్ని పక్కన పెట్టి లేవండి. ఆ గడప దగ్గరికి వెళ్ళి, తాగడానికి ఏమైనా ఇమ్మని అడగండి. ఇచ్చింది అక్కడే నిలబడి, వీధంతా చూస్తుండగా, కప్పు ఖాళీ అయ్యేదాకా తాగండి.