నాచారం మందిరంలో నా లైనక్స్ సేవ

ఒక్క బటన్ నొక్కి నిండు మందిరాన్ని మూగబోయేలా చేసినవాణ్ణి మీరు చూసి ఉండరు. ఇదిగో, నేనే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు మాత్రం ఉప్పల్‌లో మెట్రో ఎక్కి ఎటైనా పారిపోదామనుకున్నాను.

అప్పుడు నాకు కొత్తగా లైనక్స్ పిచ్చి పట్టింది, అదే, విండోస్‌కు బదులు కంప్యూటర్లో ఉచితంగా వేసుకునేది. ఎవరి ల్యాప్‌టాప్ కాస్త మెల్లగా నడిచినా జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసేవాణ్ణి. నేను వస్తున్నానంటే మా బావ తన ల్యాప్‌టాప్‌ను బియ్యం డబ్బా వెనక దాచేవాడు. దాచలేకపోయింది పాపం మా మందిరం వాళ్లే.

నాచారంలోని ఆ మందిరానికి ఓ ముసలి ల్యాప్‌టాప్ ఉండేది. ఆన్ చేసి, వీధి చివర చాయ్ తాగి వచ్చినా తెర మీద చక్రం ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేది. కోత పండుగ ముందురోజు అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, నన్ను పిలిచారు.

"ప్రవీణ్, జర దీన్ని సూడు నాయనా. రేపు సుజాత పాట తెర మీద ఎయ్యాలె."

సుజాతక్క పక్కనే నిలబడి ఉంది. బట్టల కంపెనీలో కుట్టుపని ఆమెది. జన్మలో మొదటిసారి సొంతంగా ఒక పాట రాసి, ఉప్పల్‌లో డీటీపీ షాపులో టైపు చేయించి తెచ్చుకుంది.

"తమ్మీ, అక్షరాలు మంచిగ కనవడాలె. అందరు సూసి పాడితేనే నేను పాడుత. ఒక్కదాన్నే అంటే నా గొంతు లేవదు," అంది.

"ఫికర్ జెయ్యకు అక్కా. లైనక్స్ ఏస్తున్న. మస్తు నడుస్తది."

"గదేంది?"

"రేపు సూస్తవు గద!"

పాపం, చూసింది.

బుద్ధిమంతుడిలా ముందు ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే, గుర్తుంచుకోండి. తర్వాత "డిస్క్ మొత్తం తుడిచెయ్యమంటారా?" అని లైనక్స్ మర్యాదగా అడిగితే, కాదనడానికి మనసొప్పలేదు. నిజానికి దేన్నీ తుడవకుండా లైనక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. పాతదాన్ని ఉంచి, పక్కనే కొత్తదాన్ని వేసుకోవచ్చు కూడా. ఈ సలహాలు ఊరందరికీ ఇచ్చేవాణ్ణే నేను!

ల్యాప్‌టాప్ చిటికెలో లేచింది. అయ్యగారి ఫోటోలు తెరిచాను, ఒక ఇంగ్లీషు పాట తెరిచాను. అన్నీ భేష్.

"అగో, గింత జల్దీనా!" అని అయ్యగారు మురిసిపోయారు. ఆయనకంటే ఎక్కువ నేను మురిసిపోయాను.

కోత పండుగంటే పంటలో మొదటి భాగాన్ని దేవుని ముందు పెట్టే పండుగ. పొలాలు ఊళ్లలో ఉండి, ఉద్యోగాలు నాచారం ఫ్యాక్టరీల్లో ఉన్నా మావాళ్లు దాన్ని వదలరు. ఆ ఆదివారం వేదిక ముందు వడ్ల బస్తాలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన ఒక కోడిపుంజు. ఆరాధన అయ్యాక వాటన్నిటికీ వేలంపాట. పాత పాటలు అందరూ పుస్తకం చూసి పాడారు. సుజాతక్క వంతు వచ్చింది. ఆమె మైకు ముందుకు వెళ్లి నిలబడగానే నేను ఫైలు తెరిచాను.

తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు! వాటికి టోపీలు, తోకలు, మీసాలు తగిలించి జాతరకు పంపినట్టుంది. వెతికినా ఒక్క తెలుగు ముక్క లేదు.

సంగతేమిటంటే, కొన్ని డీటీపీ షాపుల్లో ఇంకా పాతకాలం తెలుగు ఫాంట్లే వాడతారు. ఆ ఫాంటు కంప్యూటర్లో ఉంటేనే అది తెలుగు, లేకపోతే ఈ జాతర. నేను ఫైళ్లు కాపీ చేశాను, ఫాంటును మాత్రం విండోస్‌తో పాటు ఊడ్చిపారేశాను. ఫోన్లో తెలుగు వస్తోంది కదా, ఇందులో ఎందుకు రాదులే అనుకున్న మేధావిని మరి.

వెనక వరసలో యోహాను తాత భక్తితో లేచి నిలబడ్డాడు. "బైబిలు రాసిన హెబ్రీ భాష అయ్యుంటది. లేవున్రి, లేవున్రి," అని పక్కవాళ్లను కూడా లేపాడు.

సుజాతక్క చీరకొంగు మెలిపెడుతూ నా వైపు చూసింది. ఆ చూపు తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. అయ్యగారు చేతిలో మైకుతోనే నా దగ్గరికి వచ్చారు. ఆ మైకు ఆన్‌లో ఉంది.

"ప్రవీణ్, ఏమన్న మార్చినవా?"

"లే, అయ్యగారు."

"నిన్న నువ్వే గద ముంగట కూసున్నవ్?"

"కూసున్న గని ముట్టలే, అయ్యగారు."

"మరి ఎవరు జేసిన్రు నాయనా?"

"నాకేం ఎర్క! అసలు ఈ కంప్యూటరే నాకు తెల్వదు!"

"కొక్కొరోకో!" అంది పుంజు.

బైబిల్లో గురువు ఎవరో తనకు తెలియదని మూడుసార్లు బొంకిన శిష్యుడు, వెంటనే కూసిన కోడి... ఆదివారం బడికి వెళ్లిన ప్రతి పిల్లకూ పిల్లాడికీ వచ్చిన కథ అది. మందిరమంతా గొల్లున నవ్వింది. అయ్యగారు నా కుర్చీ పట్టుకుని మరీ నవ్వారు. సుజాతక్కకు కళ్లలో నీళ్లొచ్చాయి, నవ్వీ నవ్వీ.

ఆ నవ్వులోనే ఆమె భయం ఎటో పోయింది. "అక్షరాలు లేకుంటే మానె. నేనొక్క ముక్క అంట, మీరు మల్ల అనున్రి," అని మైకు అందుకుంది.

"నారు పోసిన చేతికి నీవే నీరు తండ్రీ..."

మందిరమంతా ఆ ముక్కను తిరిగి అంది. అందరికంటే గట్టిగా యోహాను తాత. తెరవైపు ఎవరూ చూడలేదు, అందరూ ఆమెనే చూశారు. ఇప్పుడు సుజాతక్కకు మైకు ఇస్తే తిరిగి తీసుకోవడమే కష్టం.

వేలంలో ఆ పుంజును అందరూ కలిసి నాకే అంటగట్టారు. కోద్దామంటే చెయ్యి రాలేదు. చిల్కానగర్‌లో మా డాబా మీద మహారాజులా తిరుగుతోంది.

లైనక్స్ మీద నాకు ప్రేమ తగ్గలేదు, నా కంప్యూటర్లో ఇప్పటికీ అదే. కానీ ఆ రోజే, వేదిక ముందున్న గుమ్మడికాయల సాక్షిగా ప్రమాణం చేశాను: ఫాంట్లు చూడనిదే ఏ ఫైలునూ నమ్మను, పండుగ ముందురోజు ఏ కంప్యూటర్నీ ముట్టను, అడిగినా సరే పరుల డిస్కు తుడవను. అందుకే ఎవరైనా మా ఇంటికి వచ్చి, "అన్నా, జర నా ల్యాప్‌టాప్ సూడవా?" అంటే, "నాకు కంప్యూటర్లు అస్సలు తెల్వవు తమ్మీ," అని చెప్పేస్తాను.

అలా అనడమే ఆలస్యం, డాబా మీద పుంజు కూస్తుంది.