కొత్తపేటలో కరాటే జపాను మాటలు నేర్చుకున్న పూట

కరాటేలో నా కాళ్లూ చేతులూ బాగానే ఆడతాయి, ఆడనిది నోరే. పసుపు బెల్టు పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ‘ఆపమని చెప్పడానికి జపాను మాట ఏమిటి?’ అన్న ప్రశ్న దగ్గరే గుడ్లప్పగించి నిలబడ్డాను. వచ్చే ఆదివారం మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే కరాటే మానేస్తానని ఇంట్లో చెప్పేశాను కూడా. కొత్తపేటలో ఒక మాస్టారు ఒక్క పూటలో మాటలన్నీ నేర్పిస్తారని ఎవరో చెబితే, తెల్లవారుజామున విజయవాడలో బస్సెక్కాను.

రావులపాలెంలో దిగేసరికి ఎనిమిదిన్నర. అరటిగెలల లారీలు దారి వదిలేలోపు కొత్తపేట మీదుగా పోయే అమలాపురం బస్సు వెళ్లిపోయింది. తరువాతి బస్సులో కొత్తపేటకు అరగంట, అక్కడి నుంచి ఆటోకి యాభై. “కరాటే మాస్టారుగారి దగ్గరకాండి? టిఫిను చేసేరా?” అన్నాడు డ్రైవరు. లేదన్నందుకు హోటలు ముందు ఆపేసి, నేను పెసరట్టు తినేదాకా బండి కదపలేదు.

కొబ్బరితోటలో రేకుల షెడ్డు. ఆపమనే మాటే నాకు ఎంతకీ గుర్తురాదని మాస్టారికి ముందే చెప్పుకున్నాను. మాస్టారి పాఠంలో తెలుగు ఉండదు. ‘హజిమే’ అంటే మొదలు, ‘యమే’ అనేదాకా ఆపకూడదు. ‘కిబా దాచీ’ అన్నారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లమంతా గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి వరసగా నిలబడ్డాం. అప్పుడే కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన వచ్చాడు. “రండి రండి, ముందు బొండం తాగుదురుగాని” అంటూ మాస్టారు ఆయన్ని తోటలోకి తీసుకెళ్లిపోయారు. మమ్మల్ని అలాగే వదిలేసి!

బొండం అయింది. కాయల ధర అయింది. ఆయన అల్లుడి దుబాయ్ ఉద్యోగమూ అయింది. నా తొడలు వణుకుతున్నాయి, పెసరట్టు గొంతులోకి వస్తోంది. “లేచి నిలబడదామండీ” అన్నాను పక్కనున్న బ్యాంకు ఉద్యోగినితో.

“మాస్టారుగారు అనలేదు కదండీ. బాగోదండి” అందావిడ, చెమటైనా తుడుచుకోకుండా.

మర్యాదకైనా ఒక హద్దుండాలి! నాకు ఒళ్లు మండిపోయింది. “యమే!” అని అరిచాను. వరసంతా ఒక్కసారిగా లేచింది. మాస్టారు బొండంతోనే పరుగెత్తుకొచ్చారు.

“అయ్యో, మర్చేపోయేనండి! ఎవరండి అన్నది?”

“నేనేనండి.”

“ఆయ్! మీకు ఎంతకీ గుర్తురాదన్న మాట అదే కదండీ?”



తిరుగు బస్సు మెట్లెక్కడానికి కండక్టరు చెయ్యి అందించాల్సి వచ్చింది. నెలల తరబడి వల్లించినా నిలవని మాట కోపంలో దానంతటదే వచ్చిందంటే సంతోషించాలో ఏడవాలో తెలియడం లేదు. మాస్టారి మీద కోపం మాత్రం తగ్గలేదు. మీరు వెళ్తే, ఆటో ఆయన ఎంత బతిమాలినా సరే, పెసరట్టు పాఠం అయ్యాకే తినండి. ఇక ఆదివారం నన్ను ఆ ప్రశ్న అడగనివ్వండి, నా జవాబు కొత్తపేట దాకా వినిపిస్తుంది.